దివిసీమ బోరులో పాత సముద్రం

దివిసీమలో బోరు దించేవాడికి నీళ్లు పడతాయా లేదా అన్న బెంగ ఉండదు. పది పన్నెండు అడుగులు పైపు దిగేసరికే తడి ఇసుక పైకి వస్తుంది. ఇంకాస్త దిగితే నీళ్లే. అయినా ఇంటి యజమాని, మేస్త్రీ, చూడ్డానికి వచ్చిన ఇరుగుపొరుగు అందరూ ఊపిరి బిగబట్టి నిలబడతారు. పంపు కొట్టి, మొదట వచ్చే బురదనీళ్లు పోనిచ్చి, తేరుకున్న నీళ్లను ఒకరు దోసిట పట్టి నోట్లో పోసుకుంటారు. అందరి చూపూ ఆ ముఖం మీదే. తీపా, చప్పనా, ఉప్పా అన్నది ఆ ముఖమే చెప్పేస్తుంది.

అదే ఊళ్లో ఇసుక దిబ్బ మీద ఉన్న ఇంటి బావిలో కొబ్బరినీళ్లలాంటి నీళ్లుంటాయి. అక్కడికి రెండు వందల గజాల దూరంలో, నల్లరేగడి పల్లంలో వేసిన బోరులో పప్పు ఉడకని నీళ్లు పడతాయి. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వైపు ఎవరిని కదిపినా ఇలాంటి జంట బావుల కథ ఒకటి చెబుతారు. సముద్రం పక్కనే ఉంది కాబట్టి ఉప్పు సహజమేననుకోవచ్చు. మరి గుడివాడ, కైకలూరు వైపు, అల చప్పుడు ఏనాడూ వినపడని ఊళ్లలో కూడా బోరు ఉప్పుగా ఎందుకు పడుతోంది?

ఆ ప్రశ్నకు జవాబు కోసం చాలా దూరం, చాలా వెనక్కి వెళ్లాలి.

సుమారు 20,000 ఏళ్ల కిందట ఉత్తర అమెరికాలోనూ, ఉత్తర ఐరోపాలోనూ నేల మీద కిలోమీటర్ల మందాన మంచు పేరుకుని ఉండేది. అంత నీరు మంచుగా నేల మీదే నిలిచిపోవడంతో ప్రపంచంలోని సముద్రాలన్నీ ఇప్పటికంటే 120 మీటర్ల దాకా దిగువన ఉండేవి. కృష్ణ అప్పుడూ పారుతూనే ఉంది. కానీ ఆమె కడలిని కలిసిన చోటు నేటి హంసలదీవికి ఎంతో ముందు, ఇప్పుడు పడవలు తిరిగే నీళ్ల కింద ఉంది. తర్వాత భూమి వేడెక్కింది. మంచు కరిగింది. వేల ఏళ్లపాటు సముద్రం మెట్టు మెట్టుగా పైకెక్కింది. ఆరేడు వేల ఏళ్ల కిందట ఇప్పటి మట్టానికి దగ్గరగా వచ్చి నిలిచేనాటికి, నేడు వరి పండుతున్న డెల్టాలో చాలా భాగం ఉప్పునీళ్ల కిందే ఉంది.

అక్కడి నుంచి కృష్ణ తన పని మొదలుపెట్టింది. ఏటేటా వరద తెచ్చిన ఒండ్రుతో సముద్రాన్ని వెనక్కి నెట్టుకుంటూ పోయింది. తీరం ఆగిన ప్రతిచోటా అలలు, గాలి కలిసి ఒక ఇసుక దిబ్బను కట్టాయి. తీరం ముందుకు జరగ్గానే ఆ దిబ్బ లోపలే ఉండిపోయింది. డెల్టాలో తీరానికి సమాంతరంగా సాగిపోయే ఆ పాత దిబ్బల వరసలను ఆకాశం నుంచి తీసిన ఛాయాచిత్రాల్లో ఇప్పటికీ స్పష్టంగా చూడవచ్చు. వాటి మీద తాళ్లు, జీడిమామిడి, సరుగుడు పెరుగుతాయి. పెద్దలు ఊళ్లు కట్టుకున్నదీ చాలాచోట్ల ఆ మెరక మీదే. ఒక దిబ్బకూ మరో దిబ్బకూ మధ్య పల్లాల్లో మాత్రం సముద్రపు బంకమట్టి దిగింది. ఆ మట్టితో పాటు ఆనాటి ఉప్పునీరు కూడా కిందే చిక్కుకుంది. బంకమట్టిలో నీరు కదలదు. వేల వర్షాకాలాలు పైన కురిసి వెళ్లినా ఆ ఉప్పు పూర్తిగా కడుక్కుపోలేదు. గుడివాడ వైపు బోరులో నోటికి తగిలే ఉప్పులో చాలామటుకు ఆ పాత సముద్రానిదే. ఉత్తరాన కరిగిన మంచు పైకి తోసిన సముద్రం అది.

ఇప్పుడు ఆ ఉత్తరాన గడ్డకట్టిన నేల సంగతి ఎలా ఉందో చూడాలి.

సైబీరియాలో లీనా నది ఒడ్డున యాకుట్స్క్ అనే పట్నం ఉంది. అక్కడ 1828లో ఫ్యొదర్ షెర్గిన్ అనే రష్యన్ వర్తక సంస్థ ఉద్యోగి తన పెరట్లో బావి తవ్వించడం మొదలుపెట్టాడు. పట్నానికి నీళ్ల ఇబ్బంది ఉంది, తవ్వితే పడకపోతాయా అనుకున్నాడు. కొన్ని అడుగులు దిగగానే గట్టిగా గడ్డకట్టిన మట్టి తగిలింది. చలిప్రాంతం కదా, పైపొర దాటితే సరిపోతుందని ఇంకా తవ్వించాడు. మళ్లీ గడ్డే. సంవత్సరాలు గడిచాయి. 1837లో పని ఆపేనాటికి ఆ గొయ్యి 116 మీటర్ల లోతుంది. అందులో ఒక్క చుక్క నీరు పడలేదు. తర్వాత 1840ల్లో అలెగ్జాండర్ మిడెన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్త ఆ గోతిలో అంచెలంచెలుగా ఉష్ణమాపకాలు పెట్టి చూస్తే, అట్టడుగున కూడా వేడి సున్నాకు దిగువనే ఉంది. నేల అంత లోతుకు గడ్డకట్టి ఉంటుందని శాస్త్రలోకం కొలతలతో సహా నమ్మింది ఆ గొయ్యి వల్లే.

షెర్గిన్ పెరట్లో నీళ్ల కోసం తవ్విస్తున్న ఆ సంవత్సరాల్లోనే, 1832-33లో, కృష్ణ ఒడ్డున నందన నామ సంవత్సరపు కరువు వచ్చింది. గుంటూరు సీమలో లక్షకు పైగా జనం చనిపోయారు. పక్కన నది పారుతోంది. ఆ నీరు చేలకు ఎక్కే దారి లేదు. బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టాలన్న మాటకు బలం వచ్చింది ఆ చావుల తర్వాతే. ఆ సంగతి మళ్లీ వస్తుంది.

యాకుట్స్క్ నేల అలా గడ్డకట్టడం వెనక ఉన్న సూత్రం విజయవాడ వాళ్లకు కొత్తదేమీ కాదు. పాత బావి ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లందరికీ తెలుసు: రోహిణీ కార్తెలో తోడిన నీళ్లు చల్లగా ప్రాణం లేచొచ్చేలా ఉంటాయి. ధనుర్మాసపు తెల్లవారుజామున అవే నీళ్లు గోరువెచ్చగా తగులుతాయి. నిజానికి నీళ్ల వేడి పెద్దగా మారదు, పైన గాలి మారుతుంది. పది పదిహేను మీటర్ల లోతున నేలకు ఎండాకాలం, చలికాలం తెలియవు. ఆ ఊరి ఏడాది సగటు వేడికి దగ్గరగా అది నిలిచిపోతుంది. విజయవాడలో ఆ సగటు 28 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. యాకుట్స్క్‌లో సున్నాకు ఎనిమిది తొమ్మిది డిగ్రీలు దిగువన. అలాంటి చలిలో లక్షల ఏళ్లుగా ఉన్న నేల పట్నం కింద 200 మీటర్లకు పైగా గడ్డకట్టింది. యాకుతియాలోనే మరికొన్ని చోట్ల ఆ లోతు కిలోమీటరు దాటుతుంది. వరసగా రెండేళ్లయినా సున్నాకు మించని నేలను పెర్మాఫ్రాస్ట్ అంటారు.

ఆ నేల మీద బతుకంతా పైనున్న పలుచని పొర మీదే నడుస్తుంది. వేసవిలో పైన ఒకటి రెండు మీటర్ల మట్టి కరుగుతుంది. చెట్ల వేళ్లు అందులోనే, గడ్డి అందులోనే, తేమ అందులోనే. కింద ఉన్న గడ్డ నీటిని దిగనివ్వదు. యాకుట్స్క్‌లో ఏడాదికి కురిసేది 240 మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే, విజయవాడ వానలో నాలుగో వంతు. అంత తక్కువ వానకు మన దగ్గరైతే తుమ్మచెట్లు కూడా దిగాలుగా ఉంటాయి. అక్కడ అడవులున్నాయి, వేలకు వేలు చెరువులున్నాయి. చెరువు అడుగున గడ్డకట్టిన నేల బిల్లలా ఉండి నీటిని పట్టుకుంది. చలికాలం మొదట్లో పల్లెజనం ఆ చెరువుల మీద గడ్డకట్టిన మంచును దిమ్మెలుగా కోసి, ఇంటికి తెచ్చి, ఏడాది పొడుగునా కరిగించుకుని తాగుతారు. డెల్టా పల్లెకు మంచినీళ్ల చెరువు ఎలాంటిదో వాళ్లకు ఆ మంచు దిమ్మెల కొట్టు అలాంటిది.

ఆ అడుగుబిల్లకు ఇప్పుడు చిల్లు పడుతోంది. సైబీరియాలో 40 హెక్టార్లకు పైబడిన చెరువులను ఉపగ్రహ చిత్రాల్లో లెక్కపెట్టిన శాస్త్రవేత్తలు 2005లో ఒక లెక్క చెప్పారు. 1973లో 10,882 ఉన్నవి 1997-98 నాటికి 9,712 అయ్యాయి. చాలా చెరువులు కుంచించుకుపోయాయి, 125 పూర్తిగా మాయమయ్యాయి. అడుగున గడ్డ కరిగి దారి ఇవ్వగానే నీరు భూమిలోకి జారిపోయింది. అదే సమయంలో, మరింత ఉత్తరాన గడ్డ ఇంకా గట్టిగా ఉన్నచోట చెరువులు పెరిగాయి. పైపొర కరిగి కుంగిన గుంతల్లో నీరు నిలిచింది కాబట్టి. ఒకే వేడి ఒకచోట చెరువును మింగింది, మరోచోట కన్నది.

అలాస్కాలో ఇంకో వింత. బ్రూక్స్ పర్వతాల్లో ఎవరూ అడుగుపెట్టని చోట్ల తేటగా పారే వాగులు ఈ పదేళ్లలో తుప్పు రంగుకు తిరిగాయి. 2024లో వచ్చిన ఒక పరిశోధన అలాంటివి 75 లెక్కించింది. అక్కడ గని లేదు, ఫ్యాక్టరీ లేదు. వేల ఏళ్లుగా గడ్డలో బిగిసి ఉన్న రాళ్లకు నీరూ గాలీ తగలడంతో ఇనుము, జింకు, నికెల్ వంటి లోహాలు కరిగి వాగుల్లోకి దిగుతున్నాయని శాస్త్రవేత్తలు వివరిస్తున్నారు. 2020 మే 29న రష్యాలోని నొరిల్స్క్‌లో ఒక డీజిల్ ట్యాంకు కింద నేల కుంగి, సుమారు 21,000 టన్నుల చమురు బయటపడి నదుల్లో కలిసింది. అలాస్కాలోనే న్యూటాక్ అనే యూపిక్ తెగవారి పల్లె ఉండేది. కాళ్ల కింద నేల కరిగి, నది ఒడ్డు కోసుకుపోతుంటే వాళ్లు 2019 నుంచి మెర్టార్విక్ అనే కొత్త చోటికి ఊరు ఊరంతా తరలిపోవడం మొదలుపెట్టారు. ఏటిగట్టు కోసుకుపోయి వెనక్కి జరిగిన లంక పల్లెల వాళ్లకు ఆ కష్టాన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. గడ్డకట్టిన నేలలోని మంచు కరిగి, ఆ నీరు వచ్చి బందరు తీరాన్ని ముంచదు. ఆ నేలలోని మంచు వల్ల సముద్రమట్టం పెరిగేది చాలా స్వల్పం. సముద్రాన్ని ఎత్తుతున్నవి గ్రీన్‌లాండు, అంటార్కిటికాల మంచు, పర్వతాల మీది హిమానీనదాలు, వేడికి తానే ఉబ్బుతున్న సముద్రజలం. 1993 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్న లెక్కలో ఆ పెరుగుదల సగటున ఏడాదికి మూడు మిల్లీమీటర్ల పైమాటే. గడ్డకట్టిన నేల చేసే చెరుపు వేరే దారిన వస్తుంది. అందులో కుళ్లకుండా నిలిచిపోయిన చెట్టూ చేమా, గడ్డీ గాదం ఉన్నాయి. అందులోని కార్బన్ సుమారు 1,500 బిలియన్ టన్నులని అంచనా. ఇప్పుడు గాలిలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. కరిగినకొద్దీ అది కుళ్లి వాయువుగా పైకి లేస్తే భూమి వేడి ఇంకా పెరుగుతుంది. ఆ వేడి మళ్లీ గ్రీన్‌లాండు మంచును తాకుతుంది. అక్కడి నీరు బంగాళాఖాతానికి చేరుతుంది.

మళ్లీ డెల్టాకు వద్దాం.

యాకుట్స్క్ మనిషి గడ్డ మీది పలుచని పొర మీద బతుకుతున్నట్టే, దివిసీమ మనిషి ఉప్పు మీది పలుచని తీపి పొర మీద బతుకుతున్నాడు. వాన నీరు ఇసుక దిబ్బలోకి దిగి, కింద ఉన్న ఉప్పునీటి మీద నూనెలా తేలుతుంది. ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక. గీబెన్, హెర్జ్‌బెర్గ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం మొదట్లో దీనికి ఒక లెక్క కట్టారు. సముద్రమట్టం కంటే ఒక మీటరు పైన మంచినీరు నిలిచిందంటే, దాని కింద 40 మీటర్ల దాకా మంచినీరే ఉంటుంది. వినడానికి ధైర్యంగా ఉంది. కానీ అదే లెక్క తిరగేస్తే గుండె జారుతుంది: పంపులు తోడేసి పైమట్టం ఒక అడుగు దిగితే, కింద ఉప్పు 40 అడుగులు పైకెక్కడానికి దారి దొరికినట్టే.

ఉప్పు కలవడానికి ఎంత కావాలి? లీటరు సముద్రపు నీటిలో 35 గ్రాముల లవణాలుంటాయి. తాగే నీటిలో లీటరుకు అర గ్రాము మించకూడదని, గత్యంతరం లేకపోతే రెండు గ్రాముల దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశపు ప్రమాణాలు చెబుతున్నాయి. అంటే వంద బిందెల మంచినీళ్లను పాడు చెయ్యడానికి ఐదారు బిందెల సముద్రం చాలు.

పల్లపు డెల్టాలో ఆ తీపి పొరను మందం చేసింది ఒక్క వానే కాదు, కాలువలు కూడా. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది. కెప్టెన్ చార్లెస్ ఓర్ ఆధ్వర్యంలో కట్టిన ఆ ఆనకట్టకు 1952లో గండి పడ్డాక, దాని బదులు 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అటు కొమ్మమూరు కాలువ, ఇటు బందరు, ఏలూరు, రైవస్ కాలువలు. విజయవాడలో రోజూ వంతెన మీద నుంచి వీటిని దాటే జనం అవి పొలాలకు మాత్రమే నీళ్లిస్తాయనుకుంటారు. మట్టి కట్ట లోంచి, కాలువ అడుగు లోంచి, నీళ్లు నిలిచిన వరి మడి లోంచి 170 ఏళ్లుగా ఇంకుతున్న నీరే డెల్టా బావులకు ఊపిరి. లస్కరు దృష్టిలో అది నష్టం, లీకేజీ. కాలువ పక్క ఇంటి బావికి అదే ప్రాణం. కాలువ కట్టేసిన వేసవిలో ఆ బావి రుచి మారడం డెల్టా ఇల్లాళ్లకు ప్రయోగశాల లేకుండానే తెలుసు.

కృష్ణకు మంచుకొండల అండ లేదు. మహాబలేశ్వరం దగ్గర పుట్టి, సుమారు 1,400 కిలోమీటర్లు వాన మీదే ఆధారపడి వస్తుంది. దారిలో ఎంతోమంది తాగుతారు, ఎన్నో ఆనకట్టలు ఆపుతాయి. ఆ నీటితో లక్షల ఎకరాలు పండాయి, కోట్లమంది గొంతు తడిసింది, దాన్ని తక్కువ చెయ్యనక్కర్లేదు. కానీ 1960కి ముందు ఏటా సగటున 57 ఘన కిలోమీటర్ల నీరు, అంటే సుమారు 2,000 టీఎంసీలు సముద్రానికి చేర్చిన నది, 2003 వంటి కరువు సంవత్సరంలో ఒక్క ఘన కిలోమీటరైనా చేర్చలేకపోయింది. ఒండ్రు సంగతి ఇంకా దిగులు పుట్టిస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కె. నాగేశ్వరరావు బృందం 2010లో ప్రచురించిన లెక్క ప్రకారం, 1960ల చివర్లో కృష్ణ డెల్టాకు ఏటా 90 లక్షల టన్నుల ఒండ్రు తెచ్చేది. 2000-2005 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయింది. ఒండ్రుతో సముద్రాన్ని వెనక్కి నెట్టిన నదే ఇప్పుడు చేతులు దించేసింది. తీరం కోతకు గురవుతోంది. నదిలో ఎదురొచ్చే ప్రవాహం లేకపోవడంతో పోటు నీరు పాయల్లో, మురుగు డ్రెయిన్లలో పైపైకి ఎక్కుతోంది. పట్టిసీమ నుంచి 2015 తర్వాత వస్తున్న గోదావరి నీరు డెల్టా నారుమళ్లను ఆదుకుంది. ఆ నీరు పంట కాలువల్లో ఉన్నంతకాలం బావులకూ మేలే.

సముద్రం ఒక్క రాత్రిలో కూడా వస్తుంది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచింది. అధికారిక లెక్కలోనే పది వేల మంది దాకా పోయారు. సొర్లగొంది, హంసలదీవి వంటి పేర్లు వింటే ఇప్పటికీ పెద్దవాళ్ల గొంతు మారుతుంది. నీరు తీసిన తర్వాత బతికినవాళ్ల ముందు నిలిచిన మొదటి అవసరం తాగునీరు. బావులు, చెరువులు అన్నీ ఉప్పే. చుట్టూ నీళ్లుండి గుక్కెడు దొరకని ఆ రోజులను చూసినవాళ్లు తమ ఊరి మంచినీళ్ల చెరువు గట్టు మీద చెప్పులతో నడవనివ్వకపోతే, దానికి అర్థం ఉంది.

ఇప్పుడు ఉప్పు నెమ్మదిగా, చప్పుడు లేకుండా వస్తోంది. రొయ్యల చెరువులకు ఉప్పునీరు లోపలి పొలాల దాకా తోడుతున్నారు. ఆ చెరువు పక్క మడి నాలుగేళ్లలో చవుడు తేలుతుంది. పక్క రైతు వద్దనలేడు, చెరువు రైతు బిడ్డల చదువు ఆ రొయ్య మీదే నడుస్తోంది మరి. ఇంకోవైపు మంచినీళ్లు తగ్గాయని ఫిల్టర్ పాయింటు పక్కన లోతు బోరు వేస్తారు. ఇంకో ఇరవై అడుగులు దించితే బాగా పడతాయన్న ఆశ రాయలసీమలో పనికొస్తుందేమో, డెల్టాలో కీడు. అక్కడ లోతుకు వెళ్లడమంటే పాత సముద్రం తలుపు తట్టడమే. ఒకసారి ఆ ఉప్పు పైపు చుట్టూ గోపురంలా పైకి లేచాక, పంపు ఆపినా అది త్వరగా దిగదు.

డెల్టాకు పడమటి అంచున బాపట్ల, చీరాల ఇసుక నేలల్లో ఈ విద్య తెలిసిన మనుషులు ఎప్పటినుంచో ఉన్నారు. వాళ్ల దొరువులు చూడాలి. ఇసుకలో మనిషి లోతు గొయ్యి, దిగడానికి ఏటవాలు దారి, అడుగున మోకాలి లోతు తేటనీరు. రెండు చేతులా రెండు కుండలతో దిగి, ముంచుకుని, పైకొచ్చి కూరగాయల మొక్కల మధ్య నడుస్తూ చిలకరించేవారు. మధ్యాహ్నానికి దొరువు అడుగంటేది. ఆపేసేవారు. రాత్రంతా ఇసుక లోంచి ఊరి, తెల్లారేసరికి మళ్లీ మోకాలి లోతయ్యేది. పైన తేలే తీపి నీటిని మీగడలా తీసుకోవడమే ఆ పద్ధతి. కిందిదాన్ని కదపరు.

బాపట్లలో వ్యవసాయ విశ్వవిద్యాలయపు ఉప్పునీటి పరిశోధన విభాగం ఆ దొరువునే కొత్తగా కట్టింది. ఇసుకలో కొద్ది మీటర్ల లోతున రంధ్రాలున్న పీవీసీ పైపులను నిలువునా దించకుండా అడ్డంగా పరుస్తారు. నాలుగు దిక్కుల నుంచీ ఊరిన మంచినీరు నడిమి బావిలోకి చేరుతుంది. అక్కడి నుంచి చిన్న మోటారుతో తోడి తుంపర సేద్యానికి వాడతారు. ఒకేచోట గట్టిగా పీల్చరు కాబట్టి కింద ఉప్పు లేవదు. దిబ్బ నేలలున్న ప్రతి తీర గ్రామానికీ ఈ పద్ధతి చేరాలి. పంచాయతీ కొళాయికైనా, ఇంటి తోటకైనా లోతు బోరుకు అనుమతి ఇచ్చే ముందు దీన్ని చూపించాలి. వేసవికి ముందే కాలువ నీటితో మంచినీళ్ల చెరువులు నింపడం ఎంత ముఖ్యమో ఇదీ అంతే.

యాకుట్స్క్‌లో షెర్గిన్ గొయ్యి ఇప్పటికీ ఉంది. దాని మీద దుంగలతో చిన్న గది కట్టి కాపాడుతున్నారు. ఆ పట్నంలోనే గడ్డకట్టిన నేల మీద పరిశోధనకు ప్రత్యేకంగా ఒక సంస్థ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు నేల లోతుల్లో వేడిని ఏళ్ల తరబడి కొలుస్తూ వస్తున్నారు. ఇక్కడ భూగర్భజల శాఖల సిబ్బంది ఏడాదిలో కొన్ని నెలలు ఎంచుకుని పరిశీలక బావుల్లోకి టేపు దించి నీటిమట్టం రాసుకుంటారు, సీసాలో నీళ్లు పట్టి ఉప్పు కొలుస్తారు. ఈసారి వాళ్లు ఊరికి వచ్చినప్పుడు బావి దగ్గరికి వెళ్లి, పోయినేడు ఎంత ఉంది, ఈ ఏడు ఎంత ఉందని అడగండి. ఆ రెండు అంకెలూ పంచాయతీ ఆఫీసు గోడ మీద, పాల ధర రాసే పలక పక్కనే రాయించండి.